ఆల్మా సరస్సు అని చెప్పు

ఎల్మ్ ప్రైరీ, మిన్నెసోటా
1987 ఏప్రిల్ 21

ఓర్లిన్‌కు,

టిల్మన్‌ను పోయిన శుక్రవారం పూడ్చిపెట్టాం. జనవరి నుంచి పెట్టెను శ్మశానం గదిలోనే ఉంచారు కదా, మంచుకు బిగిసిన నేల ఇప్పటికి గాని పారకు లొంగలేదు. సొంత తమ్ముడివి, నువ్వు వస్తావేమోనని పాస్టరుగారు పది నిమిషాలు ఆగారు. తరువాత గాలి ఎక్కువైంది, మొదలుపెట్టేశారు. నిన్ను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అంత దూరాన, కెనడా సరిహద్దు దగ్గర, కొత్త పనిలో సెలవు దొరికి ఉండదు.

ఒక సాయం కావాలి. మే నెలలో చేపల వేట మొదలయ్యే శనివారం వస్తోంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ రోజు తెల్లవారకముందే లేచి మీ అన్నదమ్ములిద్దరికీ ఫ్లాస్కులో కాఫీ పోసి పంపాను. ఈసారి పడవ షెడ్డులో అలాగే ఉంది. అమ్మేయమని అందరూ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. నేనే వెళ్దామనుకుంటున్నాను. నవ్వకు. బడి వంటగదిలో రోజుకు నాలుగు వందల మందికి వండినదాన్ని, చిన్న మోటారు తాడు లాగలేనా? పక్కింటి లవర్న్ తోడు వస్తానంది.

కాబట్టి ఇక్కడి నుంచి కారులో రెండు గంటల లోపు చేరగల సరస్సుల్లో వాలై చేపలు బాగా పడేవి ఏవో రాసి పంపు. మన చుట్టూ సరస్సులు వందల్లో ఉన్నాయి. వాటిలో మంచివేవో మగవాళ్ళకే తెలుసు, వాళ్ళు చెప్పరు. నేను ఇన్నేళ్ళూ చేపను శుభ్రం చేసి వేయించడమే తప్ప అది ఏ నీళ్ళదని అడిగినదాన్ని కాను.

అడిగి ఉంటే బాగుండేదేమో. జనవరిలో ఆ శనివారం ఆయన ఆల్మా సరస్సుకు వెళ్తున్నానని చెప్పి వెళ్ళాడు. ఆల్మా ఉత్తరాన నలభై మైళ్ళు. సాయంత్రం ఐదింటికి నీకు ఫోన్ చేస్తే నువ్వూ ఆల్మా అనే అన్నావు, అంటే నీకూ అదే చెప్పి ఉంటాడు. షెరీఫ్ మనుషులు అంత పెద్ద సరస్సూ గాలించారు. మరునాడు పొద్దున ఆయన దొరికింది దక్షిణాన, స్టెనరూడ్ పొలం వెనక గడ్డకట్టిన చెరువు మీద. పేరు కూడా లేని చెరువు. మంచు పలక విరిగి పడ్డాడని అన్నారు. అక్కడ ఆయనకు ఏం పని ఉందో నాకు తెలియదు. నీకేమైనా తెలుసా?

ప్రభువు నిన్ను కాపాడుగాక.

నీ వదిన
ఆర్డిస్


స్ప్రూస్ బే
మే 4

ఆర్డిస్ వదినకు,

పూడ్చే రోజు రాలేకపోయాను. ఇక్కడి విడిది యజమాని పడవలన్నిటికీ రంగు వేయిస్తున్నాడు, వదల్లేదు. మన్నించమని రాయడానికి నాకు మొహం లేదు.

పడవ సంగతి చదివి నవ్వాను. నవ్వకు అన్నావని ఇంకాస్త నవ్వాను. చాలా రోజులైంది నవ్వి. మోటారు తాడు లాగేముందు లవర్న్‌ను పడవ ముందు కొసన కూర్చోబెట్టు. ఆమె వెనక కూర్చుంటే ముందు కొస ఆకాశంలోకి లేస్తుంది. ఈ మాట ఆమెకు చదివి వినిపించకు.

నీకు దగ్గర నెల్సన్ సరస్సు, యాభై నిమిషాలు. పడవ దించే చోటు నుంచి ఎడమకు పోతే చిన్న వాగు కలుస్తుంది, మే నెలంతా చేప అక్కడే తచ్చాడుతుంది. క్రేన్ సరస్సు గంటన్నర, దారి బాగుండదు గాని చేప ఉంది. రైస్ సరస్సుకు రెండు గంటల పైన పడుతుంది, అయినా వదలకు. ఆల్మా నీకు తెలిసిందే, పెద్దది, శనివారం జాతరలా ఉంటుంది. ఎక్కడికి వెళ్ళినా గాలి కొట్టే ఒడ్డున ఉండు. నీళ్ళు అద్దంలా ఉన్నాయంటే ఇంటికి వెళ్ళిపో. ఎరకు చిన్న చేపపిల్లలు కొనుక్కో, జూన్ వచ్చాక జలగలు. గాలం అడుగు తాకనిచ్చి కొంచెం ఎత్తు. వాలై గుంజదు. తడిగుడ్డ తగులుకున్నట్టు బరువు తెలుస్తుంది, అంతే.

ఎరల దుకాణంలో ఎవరినీ ఎక్కడ పట్టావని అడగకు. "చేప మూతి దగ్గర పట్టా" అంటారు. అంతకుమించి ఒక్క ముక్క రాదు. కోపం తెచ్చుకోకు, అది మన ఊళ్ళ మర్యాద. మనవాడు తమ్ముడికి మూత్రపిండమైనా ఇస్తాడు గాని సరస్సు పేరు ఇవ్వడు.

ఆ చెరువు సంగతి నాకు తెలియదు వదినా. ఎవరో చెప్పి ఉంటారు, ఒకసారి చూద్దామని వెళ్ళి ఉంటాడు. పోయినవాడి దారులు తవ్వుకుంటూ కూర్చోకు. పడవ అడుగున బిరడా బిగించడం మరిచిపోకు.

ఓర్లిన్


ఎల్మ్ ప్రైరీ
జూన్ 9

ఓర్లిన్‌కు,

నువ్వు చెప్పిన సరస్సులకు వెళ్ళాం. నెల్సన్‌లో వాగు దగ్గర ఒక్కటీ పడలేదు. లవర్న్ గాలం రెండు గంటలు గడ్డిలోనే తిరిగింది.

"ఏమే ఆర్డిస్, ఇది చేపా, గడ్డా?"

"లాగి చూడు."

"బరువుగా ఉందే. చేపే."

"ఇందాకటిదీ చేపే అన్నావు."

గడ్డే వచ్చింది. క్రేన్‌లో ఒకటి పడింది. ఆల్మాలో రెండు. మొదటిదాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు దాని కళ్ళు చూశాను. పొర కమ్మిన ముసలివాళ్ళ కళ్ళలా ఉన్నాయి. ఇన్నేళ్ళూ చచ్చిన చేపలనే చూశాను, బతికినదాన్ని చూడలేదు. వదిలేద్దామా అనిపించింది. లవర్న్ ఒప్పుకోలేదు.

ఇంటికి తెచ్చి కోస్తున్నప్పుడు ఒక సంగతి గమనించాను. నువ్వు నాతో వాదించవద్దు, చేపను పట్టడం నాకు రాదు గాని కోయడం వచ్చు. ఆల్మా చేప తోలు బూడిద కలిసిన ఆకుపచ్చ. క్రేన్‌ది ఇంకా పాలిపోయి ఉంది. మీ అన్న తను తెచ్చినవాటి మీద, ఏ జాతి చేపో తెలిసేలా, ఎప్పుడూ ఒక తోలు ముక్క వదిలేవాడు కదా, పాల అట్టడబ్బాల్లో నీళ్ళు పోసి గడ్డకట్టించినవి ఇంకా తొమ్మిది ఉన్నాయి. ఒకటి తీసి కరిగించాను. తోలు ఇత్తడి చెంబులా పసుపు. కండ కూడా మందం. ఆరేళ్ళుగా నేను వేయించిన చేప ఇదే. ఇది ఆల్మా చేప కాదు, ఓర్లిన్. ఒక్కరోజు వింతకని వెళ్ళలేదు. ఆరేళ్ళు ఆయన నాతో ఆల్మా అని చెప్పి ఇంకెక్కడికో వెళ్ళాడు.

ఇంకో మాట. చర్చి కింది గదిలో కాఫీ దగ్గరికి నేను వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. ఎందుకో పడవలో లవర్న్ చెప్పింది.

"స్టెనరూడ్ ముసలాయన ఇంట్లో మేనకోడలు ఉంటోందట, డెలోరిస్ అని. మొగుణ్ణి వదిలేసి వచ్చిందట. ఆరేళ్ళయిందట. నేనేమీ అనడం లేదు, ఊళ్ళో అంటున్నారు."

"నువ్వు అనకపోతే నాకెలా తెలిసింది లవర్న్?"

ఆమె ఏడ్చింది. నేను పడవను ఒడ్డుకు తిప్పాను. ఆమె చెడ్డది కాదు. నాకు మాత్రం ఆ మాట పొట్టలోకి దిగి అక్కడే కూర్చుంది. ఆయనతో ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేశాను. నీకు తెలిసింది ఉంటే చెప్పు.

నీ వదిన
ఆర్డిస్


స్ప్రూస్ బే
జూన్ 27

వదినా,

లవర్న్ నాలుక కోసి గాలానికి గుచ్చితే రైస్ సరస్సు మొత్తం ఖాళీ అవుతుంది. ఆమెను పడవ ఎక్కించుకోకు.

టిల్మన్ అలాంటివాడు కాడు. ఈ మాట నేను చెప్పాలా? డాన్సుకు పిలిస్తే కాలు నొప్పి అని గోడ పట్టుకు నిలబడే మనిషి.

తోలు రంగు పట్టుకుని ఏమీ తేల్చలేవు. ఒకే సరస్సులో లోతున ఒక రంగు, మెరకన ఒక రంగు. ఎండ, నీళ్ళు, తిండి, అన్నీ ఉంటాయి. ముప్పై ఏళ్ళ నుంచి పడుతున్నవాణ్ణి, చెబుతున్నాను.

ఇప్పుడు ఎండలు ముదిరాయి, చేప లోతుకు దిగుతుంది. ఊరికి తూర్పున లిండ్‌క్విస్ట్ సరస్సు ఉంది, గంటా పావు. ముప్పై అడుగుల నీళ్ళలో రాళ్ళ దిబ్బ, పొద్దు వాలేటప్పుడు జలగ వేసి చూడు. లేదా పడవ అమ్మేయి. అమ్మేయడమే మంచిదనుకుంటాను. ఇక్కడ చలికాలానికి కూడా పని ఉంటుందన్నారు, కాబట్టి నేను ఇప్పట్లో రాను.

ఓర్లిన్


ఎల్మ్ ప్రైరీ
ఆగస్టు 16

ఓర్లిన్‌కు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సరస్సుల గురించి రాసేటప్పుడు నీ అక్షరం తిన్నగా ఉంది. తోలు రంగు గురించి రాసినచోట కాగితం మీద కలం గట్టిగా నొక్కావు.

పోయిన గురువారం స్టెనరూడ్ పొలానికి వెళ్ళాను. ఇంటి నుంచి సరిగ్గా ఇరవై ఐదు నిమిషాలు. రెండు గంటల దూరంలో ఉన్న సరస్సులన్నీ నాకు రాశావు గాని, అరగంట లేని దీన్ని రాయలేదు. దారి మలుపులో కారు ఆపాను. పెరట్లో ఒక ఆడమనిషి బట్టలు ఆరేస్తోంది. ఎర్ర జుట్టు, సన్నగా ఉంది. దిగి వెళ్ళి అడగాలనే వెళ్ళాను. ఏమని అడగాలి? కారు తలుపు పిడి పట్టుకుని కూర్చున్నాను, కూర్చున్నాను, చివరికి వెనక్కి తిప్పుకుని వచ్చేశాను. ఆమె చెయ్యి ఊపింది కూడా. దారి తప్పిన మనిషిని అనుకుంది కాబోలు.

నీకు ఒక సంగతి చెప్పలేదు. ఫిబ్రవరి నుంచి నేను చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళడం లేదు. అందరూ లేచి ముందుకు నడుస్తారు, నేను పాటల పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుని కూర్చుంటాను. ఆల్మా అని చెప్పి ఇంకెక్కడో చచ్చిపోయిన మొగుడి మీద అనుమానం గుండెలో పెట్టుకుని ఆ రొట్టె నోట పెట్టుకోలేను. ఆయన కోసం ఏడవలేను కూడా. ఏడుపు వచ్చేలోపు ఆ బట్టలారేసే మనిషి అడ్డం వస్తోంది. నాకు కావలసింది ఆ ఒక్కటే ఓర్లిన్, నా మొగుడి కోసం శుభ్రంగా ఏడవడం.

ఇక అసలు మాట. మిగిలిన డబ్బాలన్నీ నిన్న తీసి చూశాను. ఎనిమిదిలో మూడు నీవి. నీ ఫ్రిజ్‌లో చోటు లేదని నా దగ్గర పెట్టుకునేవాడివి, మరిచిపోయావు. వాటి మీద నీ చేతిరాతతో నీ పేరు, తారీఖు ఉన్నాయి. చివరిది డిసెంబర్ 27. మూడూ కరిగించాను. మూడూ ఇత్తడి రంగే.

నువ్వు కూడా ఆ చెరువుకు వెళ్ళేవాడివి. మరి నేను ఐదింటికి ఫోన్ చేసినప్పుడు ఆల్మా అని ఎందుకు అన్నావు?

ఆర్డిస్


స్ప్రూస్ బే
సెప్టెంబర్ 13

వదినా,

నెల రోజులుగా ఈ కాగితం నా బల్ల మీద ఉంది. ఇప్పుడు రాసేస్తాను, తిరిగి చదవను.

ఆ చెరువు నేను కనిపెట్టాను. ఒక వరద ఏడాది పక్క నదిలోంచి వాలైలు అందులోకి కొట్టుకొచ్చి ఉండిపోయాయి. అలాంటి చిన్న చెరువుల్లో చలికాలం నీళ్ళలో గాలి చాలక చేప చచ్చిపోతుంది. దీనిలో అడుగున ఊటలు ఉన్నాయి, అందుకే బతికింది, బలిసింది. స్టెనరూడ్ ముసలాయనకు కట్టెలు కొట్టిపెట్టేవాళ్ళం, ఆయన పొలంలోంచి దారి ఇచ్చేవాడు. డెలోరిస్ ఎప్పుడైనా కిటికీలోంచి చెయ్యి ఊపేది. ఆమెతో మేమిద్దరం కలిపి పది మాటలు మాట్లాడి ఉండం. ఆరేళ్ళలో నేను లేకుండా టిల్మన్ అక్కడికి వెళ్ళింది ఆ ఒక్క రోజే. ఇది బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పగలను.

ఎవరడిగినా ఆల్మా అని చెప్పు, ఈ కట్టుబాటు నాది. నలుగురికి తెలిస్తే ఒక్క చలికాలంలో ఊడ్చేస్తారు. టిల్మన్ నీ విషయంలో ఒప్పుకోలేదు.

"ఆర్డిస్ ఎవరికి చెబుతుందిరా?"

"ఆమె చెప్పదు. చర్చిలో ఎవరో అడుగుతారు, ఆమె అబద్ధం ఆడలేని మనిషి, అప్పుడేం చేస్తుంది? ఆమెకు తెలియకపోవడమే ఆమెకు మేలు."

"నువ్వు పెళ్ళి చేసుకోలేదు కాబట్టి నీకు సులువు" అన్నాడు. అయినా నా మాట విన్నాడు. నీతో ఆల్మా అన్న ప్రతిసారీ దారంతా మూతి ముడుచుకుని కూర్చునేవాడు.

ఆ శనివారం నాకు జ్వరం. నేను రానన్నాను. అతను ఒక్కడే వెళ్ళాడు. చెరువులో మూడు చోట్ల ఊట మీద మంచు పలచగా ఉంటుంది. ఎప్పుడూ నేనే ముందు నడిచేవాణ్ణి, గునపంతో కొట్టి చూసుకుంటూ. అతను నా అడుగులోనే అడుగు వేసేవాడు. ఆ మూడు చోట్లూ అతనికి సరిగా తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు.

నువ్వు ఫోన్ చేసినప్పుడు నాకు భయం వేయలేదు. పొద్దు వాలేటప్పుడే వాలై మేస్తుంది, చేప పడుతోంది, అందుకే లేచి రావడం లేదు అనుకున్నాను. ఆల్మా అని నోటికి అదే వచ్చింది. అరగంటకు షెరీఫ్ మనిషి ఫోన్ చేశాడు. "ఏ వైపు ఉంటాడండీ?" అన్నాడు. ద్వీపం పక్కన అన్నాను. వదినా, అక్కడ లేని మనిషికి నేను చోటు కూడా చూపించాను. స్టెనరూడ్ చెరువు అంటే ఊరంతా బళ్ళు వేసుకుని అక్కడికి వస్తుంది, చెరువు పోతుంది అనుకున్నాను. చెరువు గురించి అనుకున్నాను.

ఏడింటికి ఉండబట్టలేక లేచాను. చెరువు వైపు కారు తీశాను. గాలికి మంచు లేచి దారి మూసేశారు, తిప్పి పంపారు. ఇంటికొచ్చి ఫోన్ ముందు కూర్చున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. ఇంతసేపు ఎందుకు చెప్పలేదంటారని సిగ్గుపడ్డాను. తెల్లారాక షెరీఫ్ మనిషికి ఫోన్ చేసి, ఎందుకైనా మంచిది స్టెనరూడ్ దగ్గర కూడా చూడండి అన్నాను, అప్పుడే తోచినట్టు. మంచు విరిగితే మనిషి క్షణంలో పోతాడు, నేను చెప్పినా చెప్పకపోయినా ఒకటే అని అందరూ అంటారు. నేనూ రోజూ అదే అనుకుంటాను. డాక్టరు నీతో ఏమన్నాడు? వెంటనే పోయాడని అన్నాడు కదా?

ఓర్లిన్


ఎల్మ్ ప్రైరీ
అక్టోబర్ 25

ఓర్లిన్,

నీ ఉత్తరం అందాక మొదట చేసిన పని ఏడవడం. వంటగది నేల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరూ అడ్డం రాలేదు. ఆయన ఒక్కడే ఉన్నాడు, మూతి ముడుచుకుని. దానికి నీకు కృతజ్ఞత చెప్పాలి, చెబుతున్నాను.

నువ్వు అడిగిన దానికి జవాబు రాయవద్దని పాస్టరుగారు అన్నారు. "అతను ఒంటరిగా ఉన్నాడమ్మా, అంత దూరంలో. ఒక మెత్తని మాట రాస్తే దేవుడు తప్పుపట్టడు" అన్నారు. ఆయన మంచివారు. ఆరు వారాలు ఆలోచించాను. నేను బాధపడకూడదని మీరిద్దరూ ఆరేళ్ళు నాకు మెత్తని మాట చెప్పారు. ఇక ఆ పని ఈ కుటుంబంలో ఎవరూ చేయకూడదని నాకు తోచింది.

ఆయన వెంటనే పోలేదు. నీళ్ళలోంచి తనే బయటికి వచ్చాడు. తుంటి విరిగింది. మోచేతుల మీద పాకి, మంచు మీద తను వేసుకున్న గుడారం దాకా చేరాడు. అగ్గిపెట్టె తడిసిపోయింది. డాక్టరు లెక్క ప్రకారం ఏడు, ఏడున్నర దాకా ప్రాణం ఉంది. నువ్వు నాతో మాట్లాడింది ఐదింటికి. ఇంటి నుంచి ఆ చెరువు ఇరవై ఐదు నిమిషాలు. ఇది నాకు ఫిబ్రవరి నుంచి తెలుసు. అది నీతో ముడిపడిందని తెలియదు.

ఇక్కడితో ఆపి కాసేపు బయట నడిచి వచ్చాను.

పోయిన ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆయన మీద ఉన్నది అక్కడ దించుకున్నాను. నీ మీద ఉన్నది ఇంకా దించలేదు. ప్రార్థనలో క్షమించే మాట వచ్చినచోట అందరితోపాటు నోరు కదిపాను. మనసు వెనకబడింది. అది నడుచుకుంటూ వస్తోందనే నమ్ముతున్నాను, ఎప్పటికి చేరుతుందో నీకు మాట ఇవ్వలేను.

చర్చి కింది గదిలో అందరూ కాఫీ పోసుకున్నాక లేచి నిలబడి చెప్పాను. నాకు నలుగురిలో మాట్లాడడం రాదని నీకు తెలుసు. "టిల్మన్ ఆరేళ్ళుగా స్టెనరూడ్ చెరువులో తమ్ముడితో కలిసి వాలై పట్టేవాడు. మంచి చెరువు. దగ్గర. ఎవరైనా వెళ్ళవచ్చు" అన్నాను. వెనక నుంచి ముసలి హల్వర్ "ఎంత దూరం?" అన్నాడు. ఇరవై ఐదు నిమిషాలు అన్నాను. లవర్న్ నా చెయ్యి పట్టుకుంది. డెలోరిస్‌కు మాంసం, బంగాళదుంపలతో ఒక హాట్‌డిష్ వండి తీసుకెళ్ళి, ఊరు ఆమెను అన్న మాటలకు క్షమాపణ అడిగాను. తనను అన్నారని ఆమెకు అసలు తెలియదు.

ఎరల దుకాణంలోనూ చెప్పాను. గోడ మీది పటంలో చెరువు చుట్టూ ఎర్ర గీత గీయించాను. మంచు గట్టిపడగానే చెరువు మీద ముప్పై, నలభై వేట గుడిసెలు లేస్తాయని దుకాణదారు అంటున్నాడు. చేప మిగలదు. మిగలకపోనీ.

కాని మనుషులు వస్తారు. ఊటలు ఎక్కడున్నాయో ఈ భూమి మీద నీకొక్కడికే తెలుసు. నేను ఊహించి గుర్తు పెడితే, అది తప్పయితే ఇంకో ఇంటికి తెల్లారి ఫోన్ వస్తుంది. థ్యాంక్స్‌గివింగ్‌కు ముందు శనివారం, నవంబర్ 21న రా. దుకాణం పది గంటలకు తెరుస్తారు, ఊళ్ళో వాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళందరి ముందూ నీ చేతితో ఆ మూడు చోట్లూ గుర్తు పెట్టు. నీకెలా తెలుసని ఎవరైనా అడిగితే జవాబు చెప్పు. తరువాత ఆ చోట్లలో నాటడానికి కర్రలు, ఎర్ర గుడ్డలు నేను సిద్ధం చేసి ఉంచుతాను.

భోజనం మా ఇంట్లోనే. చేప మాత్రం ఉండదు.

ఆర్డిస్